పాత పాస్‌వర్డ్ చూపించి బిట్‌కాయిన్ అడుగుతున్నాడు, నా ఫోన్ హ్యాక్ అయినట్టేనా?

మీ ప్రశ్న ఇంకోసారి క్లుప్తంగా చెప్పుకుందాం, తర్వాత చదివేవాళ్లకి పనికొస్తుంది. మొన్న రాత్రి మీకొక మెయిల్ వచ్చింది. సబ్జెక్ట్ లైన్‌లోనే మీ పాస్‌వర్డ్ ఉంది, అది నిజంగా మీరు వాడినదే. లోపల ఇంగ్లిష్‌లో "నీ కంప్యూటర్‌లో నా సాఫ్ట్‌వేర్ ఉంది, నువ్వు చూడకూడని సైట్లు చూస్తుంటే కెమెరాలో రికార్డ్ చేశాను, రెండు రోజుల్లో బిట్‌కాయిన్ పంపకపోతే నీకు తెలిసినవాళ్లందరికీ పంపిస్తాను" అని రాశాడు. ఆ పాస్‌వర్డ్ 2011లో ఉద్యోగం వెతుక్కునేటప్పుడు లింక్డ్‌ఇన్‌కి పెట్టినదని మీకు గుర్తొచ్చింది. ఫోన్ హ్యాక్ అయిందా, డబ్బు కట్టాలా, ఉన్న పాస్‌వర్డ్‌లన్నీ మార్చాలా, ఇంట్లో చెప్పాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆ మెయిల్‌ని బట్టి మీ ఫోన్ హ్యాక్ అయిందనుకోవడానికి ఏమీ లేదు. వీడియో గీడియో ఉత్తదే. ఒక్క రూపాయి పంపకండి, తిట్టడానికి కూడా జవాబివ్వకండి. కానీ ఆ పాస్‌వర్డ్ గానీ, దానికి దగ్గర చుట్టాలు గానీ ఇంకా ఎక్కడైనా వాడుతుంటే ఈ రాత్రికే మార్చండి. మొదట మెయిల్‌ది మార్చండి, మిగతావి తర్వాత.

నేను హైదరాబాద్‌లో పదిహేడేళ్లుగా చిన్న చిన్న ఆఫీసులకి కంప్యూటర్లు, నెట్‌వర్క్ చూసుకునే పనిలో ఉన్నాను. ఆడిటర్ల ఆఫీసులు, డయాగ్నస్టిక్ సెంటర్లు, రెండు కోచింగ్ సెంటర్లు. ఇలాంటి మెయిల్ పట్టుకుని చెమటలు కక్కుతూ నా దగ్గరకొచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు, అందులో ఒకాయన అప్పటికే సగం డబ్బు సర్దేశాడు కూడా. పాస్‌వర్డ్ నిజం కాబట్టి మిగతాదంతా నిజమే అయ్యుంటుందని మనకి అనిపిస్తుంది, వాడికి కావాల్సిందీ అదే. ఈ రకం మెయిళ్లు 2018 జూలై ప్రాంతంలో ప్రపంచమంతా ఒక్కసారిగా మొదలయ్యాయి, మాటలు కూడా దాదాపు ఇవే. లక్షల మందికి ఒకే ఉత్తరం, పాస్‌వర్డ్ ఉన్న చోట మాత్రం ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. పెళ్లి శుభలేఖల మీద పేర్లు రాసినట్టే.

కొందరికి ఆ మెయిల్ తమ ఐడీ నుంచే వచ్చినట్టు కనబడుతుంది, అది చూసి ఇంకా హడలిపోతారు. కవరు మీద "ఫ్రమ్" అడ్రస్ ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు కదా, మెయిల్‌లోనూ అంతే. మీ ఐడీలోంచి పంపాడనడానికి అది సాక్ష్యం కాదు.

మరి పాస్‌వర్డ్ వాడికెలా దొరికింది? ఇది కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఏం మార్చాలో, ఏం మార్చక్కర్లేదో దీన్ని బట్టే తెలుస్తుంది.

2012 జూన్‌లో లింక్డ్‌ఇన్ వాళ్ల పాస్‌వర్డ్ హ్యాష్‌లు (అంటే ఏంటో కాసేపట్లో చెప్తాను) దాదాపు 65 లక్షలు ఒక రష్యన్ హ్యాకర్ల సైట్‌లో ప్రత్యక్షమయ్యాయి. దాడి ఎలా జరిగిందంటే, తర్వాత అమెరికా కోర్టులో బయటపడిన ప్రకారం, ఆ కంపెనీ ఇంజినీర్ ఒకాయన ఇంట్లో ఉన్న కంప్యూటర్ ద్వారా లోపలికి దూరారు. కంపెనీ గోడలు ఎంత ఎత్తుగా ఉన్నా పెరటి తలుపు ఉద్యోగి ఇంట్లో ఉంది. అప్పట్లో కంపెనీ లీకయ్యాయనుకున్న ఖాతాల పాస్‌వర్డ్‌లు మాత్రం రద్దు చేసింది. అందరూ 65 లక్షలతో పోయిందనుకున్నారు. నాలుగేళ్లు గడిచాక 2016 మేలో అదే దొంగసొత్తు ఇంకా పెద్ద మూటగా, మామూలుగా వెతికితే దొరకని డార్క్ వెబ్‌లో అమ్మకానికొచ్చింది. మొత్తం 16.7 కోట్ల ఖాతాలు, అందులో 11.7 కోట్లకి మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ హ్యాష్ రెండూ ఉన్నాయి. అడిగిన ధర 5 బిట్‌కాయిన్లు, అప్పటి లెక్కలో సుమారు 2,200 డాలర్లు. పదకొండు కోట్ల మంది తాళాలు ఒక సెకండ్ హ్యాండ్ బండి ధరకి!

తర్వాత అది చేతులు మారీ మారీ ఉచితంగా దొరికే స్థితికొచ్చింది. ఇలాంటి పాత లీకులన్నీ కలిపి కుట్టిన బొంతలు కూడా తయారయ్యాయి, 2019 జనవరిలో బయటపడిన "కలెక్షన్ 1" అనే దాంట్లో 77 కోట్లకి పైగా మెయిల్ ఐడీలున్నాయి. మీకు మెయిల్ పంపినవాడు హ్యాకర్ కానే కాకపోవచ్చు. ఇలాంటి జాబితా ఒకటి డౌన్‌లోడ్ చేసుకుని, ఒక ఉత్తరం రాసి, బటన్ నొక్కిన మనిషి అయ్యుండొచ్చు. అసలు దొంగతనం చేసిన యెవ్‌గెనీ నికులిన్ అనే రష్యన్‌ని 2016 అక్టోబర్‌లో ప్రాగ్‌లో పట్టుకుని, 2018లో అమెరికాకి అప్పగించారు. 2020 సెప్టెంబర్‌లో 88 నెలల శిక్ష పడింది. దొంగ దొరికాడు, సొత్తు మాత్రం వెనక్కి రాలేదు, ఇక రాదు కూడా.

ఇప్పుడు "హ్యాష్" అన్నాను కదా. సైట్లు మీ పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు దాచవు (దాచకూడదు). పిండిమరలో వేసినట్టు వేసి, వచ్చిన పిండిని దాస్తాయి. పిండి నుంచి గింజ వెనక్కి రాదు. మీరు లాగిన్ అయ్యేటప్పుడు మళ్లీ మర ఆడించి, రెండు పిండులూ ఒకటేనా అని చూస్తారు. మరి దొంగ ఏం చేస్తాడంటే, తనే ఒక మర పెట్టుకుని తెలిసిన గింజలన్నీ ఆడించుకుంటూ పోతాడు, ఏ పిండి సరిపోతే అదే మీ పాస్‌వర్డ్. 2012లో లింక్డ్‌ఇన్ వాడిన మర పేరు షా-1, అది చాలా వేగంగా ఆడుతుంది. ఆ రోజుల్లో పిల్లలు గేములాడే ఒక మంచి గ్రాఫిక్స్ కార్డే సెకనుకి వంద కోట్లకి పైగా ఆడించేది. ఎనిమిది చిన్న ఇంగ్లిష్ అక్షరాలతో ఎన్ని పాస్‌వర్డ్‌లు కుదురుతాయో లెక్కేస్తే దాదాపు 20,900 కోట్లు. వంద కోట్లతో భాగించండి, నాలుగు నిమిషాలు కూడా పట్టదు. ఒక్క కార్డుతో, అదీ అప్పటి కార్డుతో.

ఇంకో ఘోరం, వాళ్లు ఉప్పు వేయలేదు. నిజంగానే దాని పేరు సాల్ట్. ఒక్కొక్కరి పాస్‌వర్డ్‌కి వేరే వేరే చిటికెడు అక్షరాలు కలిపి మర ఆడిస్తే, ఇద్దరు ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నా పిండి వేరుగా వస్తుంది, దొంగ ఒక్కొక్కరి కోసం మళ్లీ మొదట్నుంచీ ఆడించాలి. ఈ పద్ధతి 1970ల నుంచే యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉంది, కొత్త సంగతేం కాదు. లింక్డ్‌ఇన్ జాబితాలో 123456 అనే పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లు 7,53,305 మంది ఉన్నారని 2016లో లెక్క తేలింది. ఉప్పు లేదు కాబట్టి ఆ ఏడున్నర లక్షల మంది తలుపులూ ఒక్క దెబ్బకి తెరుచుకున్నాయి. రెండో స్థానంలో ఏముందో తెలుసా, "లింక్డ్‌ఇన్" అనే మాటే!

ఇక్కడివరకూ కంపెనీ తప్పు. ఇక్కడి నుంచి మనది. లింక్డ్‌ఇన్ పాస్‌వర్డ్ ఒక్కటే పోయి ఉంటే మహా అయితే మీ రెజ్యుమె ఎవడో చూస్తాడు, అది ఎలాగూ అందరూ చూడాలనే కదా పెట్టుకున్నాం. నష్టం ఎప్పుడంటే, అదే పాస్‌వర్డ్ జీమెయిల్‌కీ, ఫేస్‌బుక్‌కీ, కరెంటు బిల్లు సైట్‌కీ, బ్యాంకుకీ పెట్టినప్పుడు. దొంగలు జాబితాలోని ఐడీ, పాస్‌వర్డ్ జంటలని ప్రోగ్రాం పెట్టి వందల సైట్లలో ప్రయత్నిస్తారు, ఎక్కడ తెరుచుకుంటే అక్కడ దూరతారు. కూర్చుని మన గురించి ఆలోచించేవాడు ఎవడూ ఉండడు, అంతా మిషనే. "నేనెవర్ని, నన్నెవడు హ్యాక్ చేస్తాడండీ" అంటారు చూడండి, ఆ మాటకి అర్థం లేనిది ఇందుకే.

పెద్దవాళ్లు దీనికి అతీతులనుకోకండి. 2012లోనే డ్రాప్‌బాక్స్ వాళ్ల ఉద్యోగి ఒకరి ఖాతాలోకి, వేరే చోట పోయిన పాస్‌వర్డ్‌తో దొంగలు దూరి వినియోగదారుల మెయిల్ ఐడీలున్న ఫైల్ పట్టుకుపోయారు, 2016లో అక్కడివి 6.8 కోట్ల ఖాతాల వివరాలు బయటకొచ్చాయి. 2016 జూన్‌లో సాక్షాత్తూ మార్క్ జుకర్‌బర్గ్ ట్విటర్, పింటరెస్ట్ ఖాతాలు కాసేపు వేరేవాళ్ల చేతిలోకెళ్లాయి. లింక్డ్‌ఇన్ జాబితాలో దొరికిన "దదద" అనే పాస్‌వర్డ్‌తోనే తెరిచామని ఆ పని చేసినవాళ్లు చెప్పుకున్నారు. ఫేస్‌బుక్ పెట్టిన మనిషికే తప్పలేదు.

నా సంగతీ చెప్తాను, లేకపోతే ఊరికే ఉపన్యాసం దంచుతున్నానని అనుకుంటారు. 2014లో నేను చాలా తెలివైనవాడిననుకునేవాణ్ని. ఒక గట్టి పాస్‌వర్డ్ తయారుచేసుకుని, దాని చివర సైట్‌ని బట్టి రెండక్షరాలు తగిలించేవాణ్ని. ఫేస్‌బుక్‌కి ఒకటి, మెయిల్‌కి ఒకటి. ప్రతిదీ వేరే పాస్‌వర్డే కదా అని ధీమా. కంప్యూటర్ విడిభాగాలమ్మే ఒక చిన్న సైట్ నుంచి పాస్‌వర్డ్‌లు ఉన్నదున్నట్టుగా బయటికి పోయాయి, నాది చూసినవాడెవడో తోకని పట్టుకుని కథంతా లాగేశాడు. తెల్లవారుజామున నా మెయిల్‌లోకి దూరాడు. పొద్దున్నే హెచ్చరిక చూసి పాస్‌వర్డ్ మార్చేశాను, హమ్మయ్య అనుకున్నాను. ఇరవై రోజుల తర్వాత గానీ తెలియలేదు, వాడు పోతూ పోతూ సెట్టింగ్స్‌లో ఒక ఫిల్టర్ పెట్టిపోయాడని! "బ్యాంక్" అనే మాట ఉన్న ప్రతి మెయిల్ కాపీ వాడికెళ్లి, నా ఇన్‌బాక్స్‌లోంచి మాయమయ్యేది. పాస్‌వర్డ్ మారినా ఫిల్టర్ దాని పని అది చేసుకుంటూ పోయింది. అదృష్టం కొద్దీ డబ్బు పోలేదు, నా పరువు మాత్రం నా దగ్గరే పోయింది, అప్పటికే నేను పది ఆఫీసులకి సెక్యూరిటీ చెప్పేవాణ్ని.

అందుకని మీరు ఈ రాత్రి కూర్చున్నప్పుడు పాస్‌వర్డ్ మార్చి లేచిపోకండి.

మొదట మెయిల్. మిగతా అన్ని ఖాతాలకీ "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కితే వచ్చే లింకు మెయిల్‌కే వస్తుంది, కాబట్టి అది ఇంటి సింహద్వారం. కొత్త పాస్‌వర్డ్ పెట్టాక, మీ ఖాతా ఏయే ఫోన్లలో, కంప్యూటర్లలో తెరిచి ఉందో జాబితా చూపిస్తుంది, మీవి కానివి, మీరు అమ్మేసిన పాత ఫోన్లు అన్నీ సైన్ అవుట్ చేయండి. ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడండి, నాలా ఇరవై రోజులు ఆగకండి. రికవరీ మెయిల్, రికవరీ ఫోన్ నంబర్ మీవేనా చూడండి.

ఆ రికవరీ నంబర్ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మనం సిమ్‌లు తెగ మారుస్తాం. రీఛార్జ్ ఆపేసిన నంబర్‌ని కంపెనీలు కొన్నాళ్లు పక్కన పెట్టి, 90 రోజులు దాటాక ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. మీ పాత నంబర్ ఇప్పుడు ఏ ఊళ్లో ఎవరి జేబులో ఉందో మీకు తెలియదు, మీ ఓటీపీలు మాత్రం వాళ్లకి వెళ్తుంటాయి. డల్లాస్‌లో ఉన్న మా బాబాయి కొడుకు ఇండియా నంబర్ పోతే పోయిందిలే అని రీఛార్జ్ మానేశాడు. ఇక్కడి బ్యాంకు ఖాతాకి, పాత మెయిల్‌కి అదే నంబర్. తర్వాత వాడు మెయిల్‌లోకి వెళ్లలేక, బ్యాంకుకి స్వయంగా రాలేక నానా తంటాలు పడ్డాడు, చివరికి సంక్రాంతికి వచ్చినప్పుడు బ్రాంచికెళ్లి మార్చుకున్నాడు. విదేశాల్లో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ నంబర్‌ని చిన్న ప్లాన్‌తో అయినా బతికించుకోండి, లేదా అన్ని చోట్లా మార్చాకే వదిలేయండి.

మెయిల్ తర్వాత బ్యాంకు, తర్వాత ఫేస్‌బుక్, ఇన్‌స్టా లాంటివి, తర్వాత కార్డు వివరాలు సేవ్ చేసిన షాపింగ్ సైట్లు. పదేళ్ల కిందట ఒక్కసారి వాడి వదిలేసిన సైట్లు గుర్తొస్తే ఖాతా తీసేయండి, గుర్తురాకపోతే బుర్ర బద్దలుకొట్టుకోకండి. అన్నీ ఒకే రాత్రి మార్చక్కర్లేదు, వేరే ఎక్కడా లేని పాస్‌వర్డ్ పెట్టిన ఖాతాల జోలికి అసలు వెళ్లక్కర్లేదు.

దీనికి ముడిపడిన మాట ఒకటి. చాలా ఆఫీసుల్లో ప్రతి నెలన్నరకీ పాస్‌వర్డ్ మార్చమంటారు. దానివల్ల జనం ఏం చేస్తారో నాకు తెలుసు, నా కళ్లముందే చేస్తారు: చివరి 1ని 2 చేస్తారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది, లీకైందనడానికి ఆధారం ఉంటే మార్పించండి, ఊరికే తేదీ చూసి మార్పించకండి అని. మా ఆఫీసుల్లో ఆ రూలు తీయించడానికి నాకు మూడేళ్లు పట్టింది.

కొత్త పాస్‌వర్డ్ ఎలాంటిది పెట్టాలి? పేరు, @, పుట్టిన సంవత్సరం. నేను చూసిన వాటిలో సగం ఇదే బాపతు. పిల్లల పేరు, బండి నంబరు, ఇష్టదైవం పేరు చివర 123. బాలాజీ, సాయిరామ్, శ్రీనివాస... దేవుడు మనల్ని కాపాడతాడు గానీ పాస్‌వర్డ్‌ని కాపాడడు. "ఎ"కి బదులు @, "ఓ"కి బదులు సున్నా పెట్టడం కూడా దొంగల ప్రోగ్రాములకి ఎప్పుడో తెలిసిన విద్య.

పొడవే బలం. సంబంధం లేని అయిదారు మాటలు, ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసేవి, గుడ్డిగా ఎంచుకోండి. గోంగూర, తహసీల్దారు, నిచ్చెన, కోకిల, ఇస్త్రీ, రైలుపెట్టె. ఇలా అన్నమాట (ఇవే పెట్టకండి బాబూ, ఇప్పుడు ఇవి అందరికీ తెలుసు). గుడ్డిగా అంటే నిజంగా గుడ్డిగానే, నిఘంటువు ఎక్కడ పడితే అక్కడ తెరిచి వేలు పెట్టడం లాగా. మన మనసు ఎంచుకుంటే మన ఇంటి పేరు, మన ఊరే వస్తాయి. 7,776 మాటల జాబితాలోంచి పాచికలు వేసి అయిదు మాటలు తీసే పద్ధతి ఒకటుంది, కుదిరే జతల సంఖ్య రెండు పక్కన పంతొమ్మిది సున్నాలు దాటుతుంది. ఇందాక చెప్పిన వేగంతో ఆడిస్తే అన్నీ అవడానికి తొమ్మిది వందల ఏళ్లు దాటుతుంది. సామెతలు, పాట పల్లవులు, సినిమా డైలాగులు మాత్రం వద్దు, అవి మీకొక్కరికే తెలిసినవి కావు.

ఇలాంటివి నలభై ఎలా గుర్తుంటాయి అంటారు, ఉండవు. గుర్తుంచుకోవాల్సిన పనీ లేదు. పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి, ఫోన్‌లో గూగుల్, ఆపిల్ వాళ్లవి ఎలాగూ ఉంటాయి, విడిగా కావాలంటే బిట్‌వార్డెన్, కీపాస్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. అప్పుడు మీరు గుర్తుంచుకునేవి రెండే: మేనేజర్‌ది, మెయిల్‌ది. ఇంకో లాభం, మేనేజర్ సైట్ అడ్రస్ చూసే పాస్‌వర్డ్ నింపుతుంది. అచ్చం మీ బ్యాంకులాగే ఉన్న దొంగ సైట్‌కి వెళ్తే మీ కళ్లు మోసపోవచ్చు, అది మాత్రం నింపదు. ఎందుకు నింపట్లేదా అని చిరాకుపడి చేత్తో కొట్టకండి, ఆ క్షణంలో ఆగి పైన అడ్రస్ చూడండి.

మేనేజరే లీకైతే? న్యాయమైన ప్రశ్నే, 2022లో లాస్ట్‌పాస్ అనే కంపెనీ నుంచి వినియోగదారుల పెట్టెల బ్యాకప్‌లు దొంగల చేతికెళ్లాయి. పెట్టెలోని పాస్‌వర్డ్‌లు తాళం వేసే ఉన్నాయి, కానీ మాస్టర్ పాస్‌వర్డ్, అంటే ఆ పెట్టె తెరిచేది, అర్భకంగా పెట్టుకున్నవాళ్లకి గండమే. అందుకే ఆ ఒక్కటీ పైన చెప్పిన అయిదారు మాటల పద్ధతిలో పెట్టండి. నలభై సైట్లని నమ్మడం కంటే ఒకదాన్ని నమ్మి దాన్ని గట్టిగా కాపాడుకోవడం నయమని నా లెక్క.

ఫోన్‌లో ఇవన్నీ చేతకాని పెద్దవాళ్లకి నోటు పుస్తకం. అవును, కాగితం మీదే. చాలామంది నా తోటివాళ్లు దీనికి ఒప్పుకోరు. మా అమ్మ నెల్లూరులో ఉంటుంది, పాలవాడి లెక్కలు రాసే పుస్తకంలోనే వెనక పేజీల్లో పాస్‌వర్డ్‌లు రాసేది. నేను పెద్ద పండితుడిలా కసిరాను. ఆవిడ "ఒరేయ్, ఇది బీరువాలో ఉంటుంది, బీరువా తాళం నా బొడ్లో ఉంటుంది, ఎవడొస్తాడు?" అంది. నిజమే కదా! రష్యాలో ఉన్నవాడు మా అమ్మ బీరువా తెరవలేడు. పైగా ప్రతి పాస్‌వర్డ్‌కీ చివర తనకి మాత్రమే తెలిసిన నాలుగక్షరాలు రాయదట, పుస్తకం పోయినా సగమే పోతుంది. తలుపు కొట్టే దొంగ కంటే తీగ మీద వచ్చే దొంగలే ఎక్కువ ఈ రోజుల్లో, ఇంట్లోవాళ్ల మీదే అనుమానం లేకపోతే పుస్తకం బంగారం. రాయకూడనిది మానిటర్‌కి అతికించే పసుపు చీటీ మీద, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకునే మెసేజ్‌లో.

ఆఫీసు ఎక్సెల్ షీట్ ఇంకో గోల. ఒక ఆడిటర్‌గారి ఆఫీసులో మూడొందల మంది క్లయింట్ల ఇన్‌కమ్ టాక్స్ పాస్‌వర్డ్‌లు ఒకే షీట్‌లో, అన్నీ ఒకే మూసలో, పాన్‌లోని నాలుగంకెలు, @, పుట్టిన సంవత్సరం. ఒకరిది తెలిస్తే మిగతావాళ్లవన్నీ ఊహించొచ్చు. ఆ షీట్ పెన్‌డ్రైవ్‌లో ఇంటికి కూడా వెళ్లేది. మీ ఆడిటర్ మీ పాస్‌వర్డ్ ఏం పెట్టాడో ఒకసారి అడగండి, సమాధానం మూసలా వినిపిస్తే మీరే మార్చుకోండి.

రెండో తాళం, అంటే పాస్‌వర్డ్ కొట్టాక ఇంకో కోడ్ అడగడం, మెయిల్‌కీ ఫేస్‌బుక్‌కీ తప్పకుండా పెట్టండి. ఎస్సెమ్మెస్ ఓటీపీ ఏమీ లేనిదానికంటే నయం, అయితే సిమ్ డూప్లికేట్ తీయించే మోసాలున్నాయి, ఫోన్ చేసి మన నోటితోనే చెప్పించుకునేవాళ్లున్నారు. ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ మెరుగు. పాస్‌కీ అని ఇప్పుడు వస్తోంది, వేలిముద్రతో తెరుచుకునేది, సైట్‌లో దొంగిలించడానికి పాస్‌వర్డే ఉండదు, మీ ఖాతాలో కనబడితే ధైర్యంగా పెట్టుకోండి. వాట్సాప్‌లో టూ-స్టెప్ పిన్ కూడా. అన్నిటికంటే ముఖ్యం, ఇవి పెట్టినప్పుడు ఇచ్చే బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసుకుని అమ్మ బీరువాలాంటి చోట పడేయండి. ఫోన్ చెరువులో పడ్డాక నా దగ్గరకొచ్చి ఏడ్చేవాళ్లకి నేను చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

మీ ఐడీ ఏయే లీకుల్లో ఉందో చూడాలంటే "హ్యావ్ ఐ బీన్ పోన్డ్" అనే సైట్ ఉంది, ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా ఆయన 2013 నుంచి నడుపుతున్నాడు. మెయిల్ ఐడీ కొడితే చాలు, పాస్‌వర్డ్ అడగదు. పాస్‌వర్డ్‌లు వెతికే విభాగం వేరే ఉంది, అక్కడ మీరు కొట్టినది మీ బ్రౌజర్‌లోనే మర ఆడి, పిండిలో మొదటి అయిదు అక్షరాలే అవతలికి వెళ్తాయి. అయినా మనసొప్పకపోతే కొట్టకండి, తప్పేం లేదు. "మీ ఐడీ లీకైంది, ఇక్కడ నొక్కి చూసుకోండి" అని వాట్సాప్‌లో తిరిగే లింకులు మాత్రం ముట్టుకోకండి.

ఒక తేడా గమనించండి. ప్రతి "డేటా లీక్" వార్తకీ పాస్‌వర్డ్ మార్చడం మందు కాదు. 2021 ఏప్రిల్‌లో 53.3 కోట్ల ఫేస్‌బుక్ ఖాతాల వివరాలు 106 దేశాలవి ఉచితంగా బయటపడ్డాయి, అందులో పేర్లు, ఫోన్ నంబర్లు, కొందరి పుట్టిన తేదీలు ఉన్నాయి, పాస్‌వర్డ్‌లు లేవు. కాంటాక్ట్స్ వెతికే సదుపాయాన్ని అడ్డం పెట్టుకుని తోడుకున్న సరుకది. దానికి పాస్‌వర్డ్ మార్చినా ఏం లాభం లేదు, నంబరూ పుట్టిన తేదీ మార్చుకోలేం. మనం చేయగలిగింది ఒకటే, పేరు, పుట్టిన తేదీ, ఊరు చెప్పగానే "బ్యాంకువాడే కాబోలు" అని నమ్మడం మానేయడం. అలాగే మీ ఫొటో, పేరుతో ఎవడో కొత్త ప్రొఫైల్ పెట్టి మీ స్నేహితుల్ని "అర్జెంటుగా పదిహేను వేలు" అడిగితే అది హ్యాక్ కాదు, నకలు. విజయవాడలో మొబైల్ షాపు ఉన్న మా పిన్ని కొడుకు అలా జరిగిందని మూడుసార్లు పాస్‌వర్డ్ మార్చాడు, దొంగ ప్రొఫైల్ దాని మానాన అది ఉంది. దాన్ని రిపోర్ట్ చేయాలి, ఫ్రెండ్స్ లిస్ట్ ఎవరికీ కనబడకుండా దాచాలి.

డబ్బు నిజంగా పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బుని మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. మీ విషయంలో డబ్బు పోలేదు కాబట్టి, కావాలంటే సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. మెయిల్ డిలీట్ చేసేముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. దాంతో పాటు ఏదైనా ఫైల్ జత చేసి ఉంటే మాత్రం తెరవకండి, అప్పటిదాకా లేని వైరస్ అప్పుడొస్తుంది.

ఇక ఇంట్లో చెప్పాలా అని అడిగారు, చెప్పండి. ఆ సగం డబ్బు సర్దిన పెద్దమనిషి భార్యకి తెలుస్తుందన్న భయంతోనే వారం రోజులు నిద్రలేకుండా తిరిగాడు, చివరికి ఆవిడే ఆ మెయిల్ చూసి "నాకూ ఇలాంటిదే వచ్చింది పోయిన నెల, నా పాత యాహూ పాస్‌వర్డ్‌తో, తీసి పారేశాను" అందట. మీరు మీ మెయిల్ సెట్టింగ్స్ చూసే పూటే మీ ఆవిడ ఫోన్ కూడా పక్కన పెట్టుకుని కూర్చోండి, రికవరీ నంబర్ ఎవరిదుందో చూడండి. మా ఇంట్లో చూస్తే పెళ్లికి ముందు మా మామగారు వాడిన నంబరుంది, అది ఇప్పుడు అనంతపురంలో ఎవరో ఎత్తుతున్నారు.